పరదేశవాసి వ్రాతలు: బెంజమిను షుల్జుగారి జీవితమును, కాగితములును

మనుష్యుడు బ్రదికియున్నంతకాలము అతని మాట, నడవడి, ముఖవర్ఛస్సు అతనిని గూర్చి సాక్ష్యమిచ్చుచుండును. అతడు గతించిన పిమ్మట సాక్ష్యమిచ్చునవి రెండే. ఒకటి అతని నెరిగినవారి జ్ఞాపకము. రెండవది అతడు విడిచిపోయిన కాగితములు. జ్ఞాపకము మూడుతరములకు మించి నిలువదు. కావున నూరేండ్లు దాటిన పిదప ఒక గ్రంథకర్తను తెలిసికొనగోరువారికి అతని ఉత్తరములు, దినచర్యలు, చిత్తుప్రతులు మాత్రమే శరణ్యములు. సొంత యింటిలో పుట్టి సొంత యింటిలో మరణించినవాని కాగితములనైనను అతని మనుమలు భద్రపరుపవచ్చునేమో గాని, స్వదేశమును విడిచి తిరిగినవాని కాగితములకు ఇల్లే లేదు. అవి ఏ రేవులో జారిపోవునో, ఏ పెట్టెలో మ్రగ్గునో చెప్పజాలము. ఈ సంచికయందు అట్టి ఒక గ్రంథకర్త జీవితమును, అతని వ్రాతలు పొందిన గతిని విద్యార్థుల ముందుంచ దలచితిమి.

దేశత్యాగము రెండు విధములు

దేశమును విడుచుట రెండు విధములుగా సంభవించును. రాజ్యాధికారము తరుమగా పోవుట యొకటి. ఒక పనికై తానే పూనుకొని పోవుట రెండవది. మొదటిదానికి జర్మనుల చరిత్రలోనే ప్రసిద్ధమైన దృష్టాంతములు గలవు. 1933వ సంవత్సరమున హిట్లరు అధికారమునకు వచ్చెను. ఆ యేడు మే నెల 10వ తేదీ రాత్రి బెర్లిను నగరమున విద్యార్థులే గ్రంథములను గుట్టలుగా పోసి తగులబెట్టిరి. నవలాకర్తయగు తామసు మాన్‌ గారు ఆ సమయమున విదేశ పర్యటనలో నుండి, తిరిగి రాజాలక అచ్చటనే నిలిచిపోయిరి. ఆయన దినచర్య పుస్తకములు మ్యూనికు నగరమందలి యింటిలో చిక్కుకొనెను. వానిని పంపుమని కుమారుడైన గోలోకు వ్రాయగా, అతడు వానిని పెట్టెలో నుంచి పంపించెను. ఆ పెట్టె నడుమ దారిలో పోలీసుల చేతబడి, వారముల తరబడి వారియొద్దనే నిలిచి, తుదకు ఒక న్యాయవాది ప్రయత్నమువలన యజమానుని చేరెను. ఆ దినములలో ఆయన మనశ్శాంతి యెంత చెడియుండునో ఊహింపదగును. పరుల కన్నుల కొరకు వ్రాయని మాటలు పగవారి చేతిలో నుండుట కంటె భయము గ్రంథకర్తకు మరియొకటి లేదు.

వాల్టరు బెంజమిను అను మరియొక జర్మను విమర్శకుడు పారిసు నగరమున తలదాచుకొనెను. 1940లో జర్మను సేనలు పారిసును సమీపించుచుండగా, ఆయన తన వ్రాతప్రతులలో ముఖ్యమైనవానిని జాతీయ గ్రంథాలయములో ఉద్యోగిగానున్న జార్జి బతాయి అను మిత్రునికి అప్పగించి వెడలిపోయెను. ఆ సెప్టెంబరులోనే స్పెయిను సరిహద్దునందలి పోర్ట్‌బూ అను ఊర ఆయన జీవితము ముగిసెను. మనుష్యుడు సరిహద్దు దాటలేకపోయెను. గ్రంథాలయపు అలమరలలో దాగిన కాగితములు మాత్రము యుద్ధమును దాటి బయటపడి, నేడు లోకమంతట చదువబడుచున్నవి.

రెండవ విధమైన దేశత్యాగమునకు దృష్టాంతము మన తెలుగు చరిత్రలోనే కలదు. పై యిద్దరికంటె రెండువందల యేండ్లకు పూర్వము ఒక జర్మను దేశీయుడు స్వదేశమును విడిచి 24 సంవత్సరములు ఈ తీరమున గడపి, తెలుగు నేర్చి, తెలుగున గ్రంథములు వ్రాసెను. ఆయనను ఏ రాజును వెడలగొట్టలేదు. తుదకు ఆయన ఇల్లు చేరెను కూడ. అయితే ఇచ్చట ఒక విచిత్రము గలదు. వ్రాసినవాడు స్వదేశము చేరినప్పుడు, అతడు మన భాషలో వ్రాసిన వ్రాతలు మన దేశమును విడిచి అతనితో వెడలిపోయెను. ప్రవాసి ఇల్లు చేరెను. వ్రాతలు ప్రవాసమునకు పోయెను. ఆయనయే బెంజమిను షుల్జుగారు.

జీవితము

షుల్జుగారు 1689వ సంవత్సరము జనవరిలో బ్రాండెనుబర్గు సంస్థానమందలి సోనెన్‌బర్గు అను చిన్న పట్టణమున జన్మించిరి. ఆ ఊరు నేడు పోలండు దేశములో చేరియున్నది. ఆయన హాలె నగరమున విద్యనభ్యసించిరి. ఆ నగరమున అగస్టు హెర్మాన్ ఫ్రాంకెగారు అనాథ బాలబాలికలకై గొప్ప ఆశ్రమమును, దానితోపాటు పాఠశాలలను, ముద్రాశాలను, ఔషధశాలను నెలకొల్పియుండిరి. హిందూదేశమునకు జర్మను మిషనరీలు బయలుదేరినది ఆ ఆశ్రమమునుండియే. డెన్మార్కు రాజైన నాలుగవ ఫ్రెడరికు పంపగా, 1706 జూలైలో జీగెన్‌బల్గు, ప్లూట్షౌ అను నిరువురు తరంగంబాడి రేవున దిగియుండిరి. ఆ రేవు అప్పుడు డెన్మార్కువారిది.

షుల్జుగారు తరంగంబాడి చేరినది 1719 సెప్టెంబరులో. అప్పటికి ఆయన వయస్సు 30 సంవత్సరములు. ఆయన యెవరియొద్ద పని నేర్వవలెనని వచ్చిరో ఆ జీగెన్‌బల్గుగారు ఆ యేడు ఫిబ్రవరిలోనే గతించియుండిరి. మిగిలిన పెద్ద గ్రుండ్లరుగారు 1720 మార్చిలో మరణించిరి. భాష పూర్తిగా పట్టుబడక మునుపే మిషను భారమంతయు ఈ క్రొత్తవాని భుజములపై బడెను. జీగెన్‌బల్గుగారు తమిళమున క్రొత్త నిబంధనను 1715 నాటికి అచ్చువేయించి, పాత నిబంధనలో రూతు గ్రంథమువరకు అనువదించి విడిచియుండిరి. మిగిలిన దానిని షుల్జుగారు పూర్తిచేసి 1728 నాటికి అచ్చు ముగించిరి.

ఆయన స్వభావమును గూర్చి నిజము చెప్పవలెను. ఆయన శ్రమజీవి, పట్టుదల గలవారు, అయితే తోడివారితో కలిసి నడచుట ఆయనకు సులభముగా నుండెడిది కాదు. అభిప్రాయభేదములు పెరుగుచుండగా 1726లో తరంగంబాడి విడిచి మద్రాసు చేరిరి. 1728 నుండి లండను నగరమందలి క్రైస్తవ జ్ఞానవ్యాపక సంఘమువారు ఆయనకు ఆధారమైరి. ఆయన స్థితిని విద్యార్థులు గమనింపవలెను. పుట్టుకచేత జర్మనుడు, పంపినవాడు డెన్మార్కు రాజు, పోషించునది ఆంగ్లేయ సంఘము, నివసించునది ఆంగ్ల కంపెనీవారి పట్టణము, పనిచేయవలసినది తమిళులలోను తెలుగువారిలోను. ఇంతమంది నడుమ నుండి ఎవ్వరికిని పూర్తిగా తనవాడు కాకుండుటయే పరదేశవాసి బ్రదుకు.

మద్రాసులో తెలుగువారు అనేకులుండుట చూచి షుల్జుగారు తెలుగు నేర్వ మొదలిడిరి. తమిళులు తెలుగును "వడుగు" అని, అనగా ఉత్తరపు భాషయని వ్యవహరించెడివారు. జర్మను గ్రంథములలో తెలుగునకు ఆ పేరే కొంత మారి నిలిచినది. 1728లో ఆయన లాటిను భాషలో తెలుగు వ్యాకరణమును రచించిరి. 1732 నాటికి క్రొత్త నిబంధనను, పాత నిబంధనను తెలుగున ముగించిరి. తరువాత హిందూస్తానీని నేర్చి 1741లో దానికిని వ్యాకరణమును వ్రాసిరి. ఆరోగ్యము చెడుటచే 1743లో, తమ 54వ యేట, హిందూదేశమును విడిచిరి. హాలె చేరి అచ్చటి ఆశ్రమమునకే పర్యవేక్షకులై, 1760 నవంబరు 25వ తేదీన 71 సంవత్సరముల వయస్సున దేహము చాలించిరి.

కాగితములు

ఆయన వ్రాతలను మేము నాలుగు తరగతులుగా విభజించి చూపెదము. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క విధమైన భాగ్యము గలిగినది.

మొదటివి ఉత్తరములు. మిషనరీలు తమ పనిని గూర్చి హాలెకు విరివిగా వ్రాయుచుండిరి. అట్టి వ్రాతలనుండి కూర్చబడిన నివేదికలు 1710 నుండి 1772 వరకు అచ్చగుచుండెను. 1725లో షుల్జుగారు వ్రాసిన ఒక ఉత్తరము భాషాశాస్త్ర చరిత్రలో స్థానము సంపాదించినది. సంస్కృతపు సంఖ్యావాచకములు ఐరోపా భాషల సంఖ్యావాచకములను పోలియున్నవని ఆయన అందు గుర్తించిరి. మన విద్యార్థులును దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. సంస్కృతమున ద్వి, త్రి, సప్త, నవ, దశ. లాటినులో దువొ, త్రేస్, సెప్తెమ్, నోవెమ్, దెకెమ్. ఇవి కాకతాళీయముగా కలిసినవని యెవ్వరు నమ్ముదురు? సర్ విలియం జోన్సుగారు కలకత్తాలో సంస్కృతమును, గ్రీకును, లాటినును ఒక్క మూలమునుండి పుట్టినవై యుండవలెనని సభామధ్యమున ప్రకటించినది 1786లో. షుల్జుగారి ఉత్తరము అంతకు 61 సంవత్సరముల ముందటిది. ఒక విషయమును కనుగొనుటకు గొప్ప సభలు అక్కరలేదు. వ్రేళ్లమీద లెక్కించుచు రెండు భాషలను ప్రక్కప్రక్కన నుంచి వినుటయే చాలును.

ఈ పరీక్షనే మరియొక మెట్టు ముందుకు సాగింపుడు. రెండు, మూడు, ఏడు, పది అను తెలుగు మాటలను సంస్కృతముతో పోల్చి చూడుడు, పోలిక దొరకదు. తమిళముతోను కన్నడముతోను పోల్చి చూడుడు, దొరకును. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదు, దక్షిణ భాషలతో ఒక్క కుటుంబమునకు చెందినదని ఎల్లిసుగారు సిద్ధాంతము చేసినది 1816లో, క్యాంబెలుగారి తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన ఉపోద్ఘాతమునందు.

రెండవ తరగతి వ్యాకరణములు. హిందూస్తానీ వ్యాకరణమునకు త్వరలోనే అదృష్టము పట్టినది. 1745లో హాలెలో అచ్చయ్యెను. తెలుగు వ్యాకరణమునకు అట్టి అదృష్టము లేకపోయెను. అది వ్రాతప్రతిగానే హాలెలో నిలిచినది. కేరీగారి తెలుగు వ్యాకరణము శ్రీరామపురమున 1814లో వెలువడినది, క్యాంబెలుగారిది మద్రాసున 1816లో, బ్రౌనుదొరగారిది 1840లో. వీరందరికంటె ముందుగా వ్రాయబడిన గ్రంథము ఒక్కరికిని తోడ్పడక పెట్టెలో నుండెను. అది హాలె విశ్వవిద్యాలయమువారి పూనికచే 1984లో మాత్రమే ప్రకటింపబడెను. వ్రాసిననాటికిని అచ్చయిననాటికిని నడుమ 256 సంవత్సరములు గడచినవి.

మూడవ తరగతి వేదగ్రంథానువాదము. ఆయన జీవితములోని గొప్ప శ్రమ ఇదియే. అంత పెద్ద గ్రంథమును తెలుగున అచ్చువేయుటకు అచ్చు అక్షరములు కావలెను, కాగితము కావలెను, ధనము కావలెను, అన్నిటికంటె ముఖ్యముగా తప్పులు దిద్దగల తెలుగు కన్నులు అచ్చుకూటమున నుండవలెను. ఇవి యన్నియు ఒక్కచోట కూడిరాలేదు. అనువాదము హాలెకు చేరి, అచ్చుకాక నిలిచిపోయెను.

నాలుగవ తరగతి, హాలెలో ఆయన కన్నులయెదుట అచ్చయిన చిన్న పుస్తకములు. హాలె ముద్రాశాలలో తెలుగు అక్షరములు పోతపోయించి, 1746, 1747 సంవత్సరములలో ప్రశ్నోత్తరములు మొదలగు కొన్ని చిన్న పుస్తకములను ఆయన అచ్చువేయించిరి. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకములు ఇవియేయని చరిత్రకారులు చెప్పుదురు. గోదావరి తీరమునగాని కృష్ణా తీరమునగాని గాక, జర్మనీలో సాలె నది యొడ్డున తెలుగు అచ్చు పుట్టినది. 1746లోనే, సెప్టెంబరు నెలలో, ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొనిరి. షుల్జుగారి స్థానమున నున్న ఫాబ్రీషియసుగారు తన సంఘముతో పులికాటుకు తొలగిపోవలసివచ్చెను. ఆ కల్లోలమున కాగితములు మద్రాసులోనే యుండినయెడల ఏమి మిగిలియుండెడిదో చెప్పనక్కరలేదు. కావున మన తెలుగు వ్రాతలు దూరదేశమునకు పోవుట ఒక విధముగా వాని ప్రాణమును కాపాడినది; వానిని మనకు లేకుండ చేసినదియు అదియే. రెండును నిజమే.

ఇవిగాక 1748లో లైప్‌జిగు నగరమున ఫ్రిట్సుగారు ప్రకటించిన ఒక గొప్ప గ్రంథమునకు షుల్జుగారు తోడ్పడిరి. అందు 100 లిపులును, 200 భాషలలోను మాండలికములలోను ప్రభువు నేర్పిన ప్రార్థనయు కూర్పబడియున్నవి. 1750లో మద్రాసును గూర్చిన 30 సంభాషణల పుస్తకము ఆంగ్లమున హాలెలో వెలువడెను. ఆ సంభాషణలు మొదట తెలుగున వ్రాయబడినవి. పట్టణవాసుల జీవనవిధానము, ఆచారములు ప్రశ్నలుగాను జవాబులుగాను అందు చెప్పబడినవి. రాజుల యుద్ధములు తెలుపు గ్రంథములు మనకు కొదువ లేవు. సామాన్యులు వీధిలో నిలిచి మాటలాడుకొనిన తీరును రెండువందల డెబ్బది యేండ్లనాడే అచ్చున కెక్కించిన పుస్తకములు మిక్కిలి అరుదు.

కాగితములను చదువు పద్ధతి

కాగితము దొరికినంత మాత్రమున సత్యము దొరకినట్లు కాదు. దానిని చదువుటకు ఒక పద్ధతి గలదు. విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయుట నేర్వవలెను.

ఇది ఎవరికొరకు వ్రాయబడినది? ఇది మొదటి ప్రశ్న. హాలెకు పోయిన వ్రాతలు ధర్మదాతల చేతులకు చేరవలసినవి. హాలెలోని పెద్దలు వానిని దిద్ది, కొన్ని భాగములు తీసివేసి, పిమ్మట అచ్చువేయించుచుండిరి. కావున అచ్చయిన నివేదికను చదువువాడు, అచ్చుకాని మూలప్రతిని గూడ చదువగలిగిన నాడే పూర్తి సంగతి నెరుగును. షుల్జుగారికిని తోడివారికిని కలిగిన వైషమ్యము ఒక్కరి ఉత్తరమువలన తేలదు. ఇరువురి ఉత్తరములను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. తగవున ఒక పక్షమునే విని తీర్పు చెప్పుట మన ఊరి పెద్దలే ఒప్పుకొనరు గదా.

ఇందు ఎవరి పేరు కానరాదు? ఇది రెండవ ప్రశ్న. జర్మనీనుండి వచ్చినవాడు తెలుగు వ్యాకరణమును గాలిలోనుండి గ్రహింపలేదు. అక్షరములు దిద్దించినవారు, నుడికారము చెప్పినవారు, తప్పు పలికినప్పుడు నవ్వి సరిదిద్దినవారు తెలుగువారే. పుస్తకపు తొలిపుటపై వ్రాసినవాని పేరుండును. నోటితో నేర్పినవాని పేరుండదు. ఇది షుల్జుగారి కాలపు వ్రాతలకు మాత్రమే గల లోపము కాదు. నేడును వైద్యుని గ్రంథమున మందుచెట్టును చూపిన కొండవాని పేరును, ఇంజనీరు నివేదికయందు ఏటి లోతు చెప్పిన పడవవాని పేరును వెదకి చూడుడు.

ఇందలి పనికి తరువాతి కాలమువారిచ్చిన విలువ యేమి? ఇది మూడవ ప్రశ్న. షుల్జుగారి తమిళము కరకుగా నుండెనని తరువాతివారు తలచిరి. ఫాబ్రీషియసుగారు మరల అనువదింపగా, తమిళ క్రైస్తవులు ఆ క్రొత్త అనువాదమునే ఆదరించిరి. షుల్జుగారి తెలుగును పండితులు మెచ్చదగిన తెలుగు కాదు. చెవితో విని నేర్చినది. అయితే వ్యాకరణ పండితుడు లోపముగా నెంచు దానినే చరిత్రకారుడు నిధిగా నెంచును. గ్రంథములలో చూచి వ్రాసినవాడు గ్రంథములలో నున్న మాటనే మనకిచ్చును. వీధిలో విని వ్రాసినవాడు పదునెనిమిదవ శతాబ్దపు వీధిలోని మాటను మనకిచ్చును. ఒకే కాగితమునకు రెండు తూకములు గలవు. ఏది అడుగుచున్నామో తెలిసికొని తూచవలెను.

మన తీరమునకు చేరిన పని

ఇంతవరకు తరంగంబాడిని, మద్రాసును, హాలెను గూర్చి చెప్పితిమి. ఇక మన తీరమునకు వత్తము. 1805లో జార్జి క్రానుగారును, అగస్టసు డెస్‌గ్రాంజెసుగారును లండను మిషను పక్షమున విశాఖపట్టణమున దిగిరి. వారు తెలుగు నేర్చి సువార్తలను అనువదింప పూనుకొనిరి. ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి కుడిచేయియై నిలిచెను. ఇచ్చట సహాయుని పేరు నిలిచియుండుట మనము సంతోషింపదగిన విషయము. క్రానుగారు 1809లో మన శ్రీకాకుళముననే మరణించిరి. మరుసటి యేడు డెస్‌గ్రాంజెసుగారును గతించిరి. వారి శ్రమఫలము 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. ఆ శతాబ్దపు మధ్యకాలమున విశాఖపట్టణముననే జాన్ హేగారు, వార్డ్‌లాగారు మొదలగువారు ఆ పనిని ముందుకు నడిపించిరి.

లెక్క చూడుడు. షుల్జుగారు అనువాదము ముగించినది 1732లో. తెలుగు సువార్తలు అచ్చయి వచ్చినది 1812లో. నడుమ 80 సంవత్సరములు. అనగా తాత చేసిన పనిని మనుమడు మరల చేయవలసివచ్చెను. ఇది ఒక్క మతగ్రంథమునకు సంబంధించిన నష్టము కాదు. వైద్యము, జ్యోతిషము, వ్యవసాయము, ఓడపని, ఏ విద్యయైనను ఇట్లే. ఒక తరము కనుగొనినది తరువాతి తరము చేతికి అందకపోయినయెడల, ఆ తరము మరల ఓనమాలనుండి ఆరంభింపవలెను. జాతులు వెనుకబడుటకు బుద్ధిలేమి కంటె ఈ తెగిన త్రాడే పెద్ద కారణము.

షుల్జుగారి జీవితముననే దీనికి మారుదృష్టాంతము గలదు. ఆయన హాలెలో వృద్ధాప్యమున నుండగా తమిళ వేదగ్రంథమును మరల అచ్చువేయు ప్రయత్నము జరిగెను. దానికి తోడ్పడుటకై క్రిస్టియను ఫ్రెడరికు ష్వార్ట్సు అను యువ విద్యార్థి ఆయనయొద్ద తమిళము నేర్చెను. ఆ యచ్చు కొనసాగలేదు. అయినను నేర్చిన తమిళము వృథాకాలేదు. ఆ యువకుడు 1750లో హిందూదేశము చేరి, 1798లో తంజావూరున మరణించువరకు 48 సంవత్సరములు పనిచేసెను. తంజావూరు రాజు ఆయనను తండ్రివలె గౌరవించెను. చూచితిరా! పెట్టెలో నుంచిన వ్రాత 256 యేండ్లు కదలలేదు; ఒక బాలుని నోట నుంచిన విద్య ఒక్క యేటిలో సముద్రము దాటినది. కాగితమును దాచుటయు కావలెను, మనుష్యునికి నేర్పుటయు కావలెను. ఒకదానికి మరియొకటి బదులు కాదు.

మనము చేయవలసినది

మన కళింగపట్నము ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవు. వంశధార సముద్రమును కలియు ఈ చోటనుండి ఎందరో బర్మాకును ఇతర దేశములకును పోయిరి. కొందరు తిరిగి వచ్చిరి, కొందరు రాలేదు. వారి ఉత్తరములు కొన్ని యిండ్లలో అటకలమీద, ఇనుప పెట్టెలలో, పాత పంచాంగముల నడుమ నేటికిని ఉండవచ్చును. అవి గొప్ప గ్రంథకర్తల వ్రాతలు కావు. అయినను ఒక కుటుంబమునకు, ఒక ఊరికి అవియే చరిత్ర. సముద్రపు తేమ, చెదలు, తుపాను అను ముగ్గురు శత్రువులు ఈ తీరమున నిత్యము మేలుకొనియున్నారు. కావున విద్యార్థులకును, తలిదండ్రులకును ఈ క్రింది సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది: వ్రాసిన ప్రతి కాగితముపైనను తేదీ, ఊరు, వ్రాసినవారి పేరు ఉండవలెను. తేదీ లేని ఉత్తరము చుక్కాని లేని పడవవంటిది. 1725 అను అంకె ఆ ఉత్తరముపై లేకపోయినయెడల షుల్జుగారు జోన్సుగారికంటె ముందువారని చెప్పుటకు మనకు ఆధారమే లేదు.

రెండవది: ముఖ్యమైన వ్రాతకు రెండు ప్రతులుండవలెను, ఆ రెండును ఒక్క యింటిలో నుండరాదు. ఒకటి మనయింట నుండగా రెండవది అన్నగారి యింటనో, మేనమామగారి యింటనో ఉండనిండు. తుపాను రెండిండ్లకు ఒక్క రీతిగా రాదు.

మూడవది: ఎవరు చెప్పగా వ్రాసితిమో వారి పేరును వ్రాయవలెను. అమ్మమ్మ చెప్పిన కథయైనచో అమ్మమ్మ పేరు; బెస్తవాడు చెప్పిన గాలివాటపు సంగతియైనచో అతని పేరు. షుల్జుగారి పుస్తకములందు మనము వెదకి నిరాశపడిన పేర్లు మన పుస్తకములందు తరువాతివారు వెదకునప్పుడు కానరావలెను.

నాలుగవది: చదువజాలని లిపిలో నున్నదని, ప్రయోజనము లేదని తోచినదని ఏ పాత కాగితమును, ఏ తాటియాకును పొయ్యిలో వేయరాదు. పెద్దలకు చూపుడు, ఉపాధ్యాయులకు చూపుడు. చదువగలవాడు నేడు లేకున్నను రేపు పుట్టును.

హాలె నగరమందలి ఆ యాశ్రమము చూచిన కష్టములు తక్కువ కాదు. రెండు ప్రపంచ యుద్ధములు దాని మీదుగా పోయినవి. 1946లో అది స్వతంత్రతను కోల్పోయి, దేశము మరల ఒక్కటియైన పిదపనే తిరిగి నెలకొనెను. ఇన్ని మార్పుల నడుమ ఒక తరమువారు తరువాతి తరమువారికి అలమరల తాళపుచెవులను అప్పగించుచు వచ్చిరి. వారిలో తెలుగు ఒక్క అక్షరము నెరుగనివారే అధికులు. తాము చదువజాలని భాషలోని వ్రాతలను తమవి కావని పారవేయక కాపాడిన ఆ పేరులేని కాపరులకు తెలుగువారమైన మనము ఋణపడియున్నాము. ఆ ఋణమును హాలెకు పోయి తీర్పనక్కరలేదు. మన మన యిండ్లలో ఒక్కొక్క పాత పెట్టెను తెరచి, దులిపి, ఎండలో నుంచి, అందున్న దానికి ఒక పట్టికను వ్రాసినచో చాలును. రాబోవు సెలవులలో ప్రతి విద్యార్థియు తన యింట నున్న పాత వ్రాతలలో ఒక్కదానిని పెద్దల యనుమతితో నకలు వ్రాసి, తేదీయు పేరును చేర్చి, పాఠశాలకు తీసికొని రావలెనని కోరుచున్నాము. ఆ నకళ్లను కట్టగట్టి, పాఠశాల గ్రంథాలయమున ఒక అరను వానికై ప్రత్యేకించి, తరువాత వచ్చు విద్యార్థుల కొరకు ఉంచెదము.